వాపు రాని వేలు

జూన్ 3

మొత్తానికి మేడ మీద గది నాదైంది. బల్ల, కుర్చీ, దీపం, కిటికీకి కొత్త వల. నిన్నటిదాకా అది పావురాల రాజ్యం. అక్క ఒక్కతే పార పట్టుకుని గోకి, ఊడ్చి, బక్కెట్ల కొద్దీ ఎండిన రెట్ట కిందికి మోసింది. నేనూ వస్తానంటే "నీకెందుకే ఈ కంపు, పోయి రాసుకో" అని తోలేసింది. నేనూ రెండోసారి అడగలేదు. వ్యాసం రాసుకోవడానికి ప్రశాంతమైన గది కావాలని నెల రోజులుగా నస పెట్టింది నేనే. కనీసం చీపురన్నా పట్టుకోవాల్సింది. పోనీలే, ఇంకొకరు చేసిన పని అక్కకి ఎలాగూ నచ్చదు, మళ్లీ మొదటినుంచి చేస్తుంది.

కిందికి దిగేసరికి అక్క జుట్టూ కనుబొమ్మలూ తెల్లగా దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. బావ చూసి "ఎవరమ్మా ఈ ముసలావిడ, మా ఆవిడేదీ?" అన్నాడు. అక్క తుమ్ముతూ నవ్వింది.

టీ తాగుతున్నప్పుడు బావ మళ్లీ మొదలుపెట్టాడు.

"ఇంతకీ డాక్టరమ్మా, పైన కూర్చుని ఏం రాస్తావు?"

"నేను డాక్టర్ని కాదు బావా. ఎన్నిసార్లు చెప్పాలి?"

"నాకు అర్థమైంది చెప్పనా? ఎలకని పట్టుకుని దాని ఊపిరితిత్తుల్లో బూజు పట్టిస్తావు. ఆ తర్వాత పాదం మీద గిల్లుతావు. గిల్లిన చోటికి రక్తంలోంచి పోలీసులు పరిగెత్తుకొస్తారా రారా అని సినిమా తీస్తావు. దానికి గవర్నమెంటు జీతం. అంతేనా?"

లిఫ్టులు బాగుచేసే మనిషి, నా ఐదేళ్ల చదువుని ఒక గుటకలో చెప్పేశాడు. నిజంగా అంతే. పోలీసులంటే తెల్లకణాలు. అవి వస్తేనే గాయం దగ్గర ఎరుపు, వాపు, నొప్పి, చీము. వాపంటే జబ్బు కాదు బావా, వైద్యం మొదలైందని గుర్తు, అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. "అలాగా! అయితే మా మేనేజర్ మొహం ఎప్పుడూ వైద్యంలోనే ఉంటుంది" అన్నాడు. అక్కకి పొలమారింది.

జూన్ 10

ల్యాబులో మా గైడు మేడంకి ఎలకల వీడియోలు చూపించాను. ఒకరిని మెచ్చుకోవాలంటే ఆవిడకి సొంత పన్ను పీకించుకున్నట్టు ఉంటుంది. అలాంటి మనిషి "బాగుంది" అంది.

నా వాదం తేలికే. ఊపిరితిత్తుల్లో బూజు చేరిన ఒళ్లు ముందే మేలుకుని ఉంటుంది. ఊరంతా మేలుకుని ఉన్న రోజు దొంగ ఏ సందులో దూరినా జనం ఇట్టే పోగవుతారు. కణాలూ అంతే. తొందరగా వస్తాయి, పని చక్కబెడతాయి, తొందరగా పోతాయి. చూపించిన వీడియోల్లో అచ్చం అదే జరిగింది.

చూపించనివి కొన్ని ఉన్నాయి. వాటిల్లో పాదం దగ్గరికి ఒక్క ఆకుపచ్చ చుక్క, అంటే రంగు ఎక్కించిన కణం, రాలేదు. ఎంతసేపు చూసినా తెర ఖాళీ. రంగు పట్టలేదు, అంతే. కణాలకి రంగు పట్టకపోతే అవి వచ్చినా కనపడవు కదా. అలాంటి వీడియోలు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. "రంగు పట్టలేదు" అని పేరు పెట్టి విడిగా దాచాను.

జూలై 8

అక్క దగ్గు. కింద కుట్టు మిషన్ చప్పుడు, దగ్గు, మళ్లీ మిషన్, మళ్లీ దగ్గు. ఇలా అయితే పైన నేను రాసుకున్నట్టే. ఆ దుమ్ము పడలేదు, అంతే. వేడినీళ్లు తాగమన్నాను.

జూలై 21

స్కూలు యూనిఫారాల పని మీద పడి అక్క ఊపిరి తీసుకోవడం లేదు. ఇవాళ చొక్కా జేబు కుడుతుంటే మిషన్ సూది చూపుడువేల్లో దిగిపోయింది. గోరు పక్కనుంచి అటూ ఇటూ. సూది విరిగి లోపలే ఉండిపోయింది. బావ పటకారుతో లాగాడు, అక్క కంటే గట్టిగా ఆయనే అరిచాడు. నేను కడిగి మందు రాసి కట్టు కట్టాను.

"ఆస్పత్రికి వెళ్దాం పదవే" అన్నాడు బావ.

"సూది గుచ్చుకున్న దర్జీలందరూ ఆస్పత్రికి పోతే బట్టలెవరు కుడతారు?" అంది అక్క.

ఇద్దరూ నా వైపు చూశారు. ఈ ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగా లేకపోయినా చివరికి నా వైపే చూస్తారు. నేను ఎలకలు తప్ప మనుషుల జోలికి పోనని తెలిసి కూడా. నిజం చెప్పాలంటే నాకు అది ఇష్టం. ఇక్కడ రాసుకుంటే ఏం పోయింది, చాలా ఇష్టం.

"రెండు రోజులు చూద్దాం. వాచి చీము పడితే అప్పుడు వెళ్దాం" అన్నాను.

జూలై 25

వాపు లేదు! ఎరుపు లేదు, చీము లేదు. అక్క వేలు నొక్కి చూశాను, "అబ్బే, నొప్పేం లేదే" అంది. సూది అంత లోతు దిగితే వేలు ఈపాటికి వంకాయలా ఉండాలి.

బావ మాత్రం సణుగుతున్నాడు.

"దగ్గు తగ్గలేదు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతోంది. కీళ్ల నొప్పుల మాత్రలు ఏళ్ల తరబడి మింగే మనిషి. ఒకసారి చూపించి తెస్తాను."

"బావా, ఆ దగ్గు వల్లే వేలు ఇంత బాగుంది."

"అదేం లెక్క?"

నా వాదమంతా చెప్పాను. ఊరు మేలుకుని ఉండటం, దొంగ, జనం. దగ్గు వల్ల అక్క ఒళ్లు ముందే మేలుకుంది. కణాలు చప్పున వచ్చాయి, వాపు వచ్చేలోపే పని ముగించుకుని వెళ్లిపోయాయి. చెబుతుంటే నాకే ఒళ్లు పులకరించింది. ఎలకల్లో చూసింది మనిషిలో, అదీ మా ఇంట్లోనే!

"మొన్న వాపొస్తేనే వైద్యం మొదలైనట్టన్నావు?"

"అది మామూలువాళ్లకి."

"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు" అన్నాడు బావ.

"నేను చదువుకున్నానా, నువ్వు చదువుకున్నావా?"

అనకూడని మాట. అనేశాక అక్క నన్ను కాకుండా బావని చూసింది. బావ నవ్వేసి "సరేనమ్మా, నీ మాటకి ఎదురుందా" అని స్క్రూడ్రైవర్ల సంచీ తీసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

జూలై 30

మళ్లీ రెండు ఎలకలకి రంగు పట్టలేదు. ఈ రంగు డబ్బానే మంచిది కాదు.

ఆగస్టు 6

వేలు అలాగే ఉంది. మానలేదు, చెడలేదు. బట్టలో సూది చేసిన కన్నంలా పొడిగా, చుట్టూ తెల్లగా. కట్టు బదులు అక్క కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే ఇనుప టోపీనే దాని మీద తొడుక్కుని తిరుగుతోంది. నెమ్మదిగా మానుతుంది. వయసు కూడా వచ్చింది కదా.

దారం ఎక్కించమని నన్ను పిలిచింది. "చత్వారం వచ్చేసిందే అమ్మమ్మా" అని ఏడిపించాను. కిటికీ తెర దించమంది, ఎండ కళ్లలో పడుతోందట. అక్కడ ఎండేం లేదు.

ఆగస్టు 11

మేడం ఇవాళ అడిగింది.

"ఎన్ని ఎలకల్ని లెక్కలోంచి వదిలేశావు?"

"కొన్నే. రంగు పట్టలేదు మేడం."

"పట్టలేదని ఎలా తెలుసు? వాటి రక్తం తీసి చూశావా?"

చూశాను అన్నట్టు తల ఊపాను. చూడలేదు. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లాక పాత రక్తం చుక్కలు తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టాను.

ఆకుపచ్చగా మెరిసిపోతున్నాయి. ప్రతి కణానికీ రంగు పట్టింది. డబ్బా మంచిదే. అంటే కణాలు రక్తంలో తిరుగుతూనే ఉన్నాయి, పాదం పక్కనుంచే పోతున్నాయి. రక్తనాళం గోడ పట్టుకుని ఆగి, సందు చేసుకుని బయటికి దూకాలి కదా, ఆ దూకడం లేదు. కేక వినపడని వాళ్లలాగా పోతున్నాయి.

దాచి ఉంచిన అన్ని ఎలకల ఊపిరితిత్తులు కూడా కోసి చూశాను. కణాలు పరిగెత్తుకొచ్చిన ఎలకల్లో బూజు పెద్దగా పట్టనే లేదు. నేను ఎక్కించడంలోనే లోపం. బాగా పట్టినవన్నీ "రంగు పట్టలేదు" లోనే ఉన్నాయి.

మూత పెట్టేశాను. ఇంకోసారి తీరిగ్గా చూడాలి. ఆ ఎలకల్లో ఇంకేదో తేడా ఉండి ఉంటుంది.

ఆగస్టు 12

ఇవాళ అక్క వేలు చూడలేదు. టైం లేదు.

ఆగస్టు 14

ఇవాళా చూడలేదు. అడిగితే చూసేదాన్ని. తను అడగలేదు.

ఆగస్టు 17

పొద్దున బావ నవ్వుతూ ఒక చొక్కా పట్టుకొచ్చి చూపించాడు. అక్క రెండు చేతులూ ఎడమవైపే కుట్టింది. "ఏ స్కూలు పిల్లాడికే ఇది?" అని బావ అడుగుతున్నాడు. అక్క ఆ చొక్కా వంక చాలాసేపు చూసింది. తప్పెక్కడుందో ఆమెకి తెలియలేదు. బావ నవ్వు ఆగిపోయింది. తర్వాత లేవబోయి గోడ పట్టుకుంది, వాంతి చేసుకుంది, తల రెండు చేతులతో పట్టుకుని "దీపం ఆర్పండి" అంది. దీపం వెలగడం లేదు.

బావ ఈసారి నా వైపు చూడలేదు. వాకిటి మెట్ల మీదుగా అక్కని ఎత్తుకుని దిగాడు.

ఆస్పత్రి నుంచి వచ్చి బట్టలు తీసుకెళ్తూ రాస్తున్నాను. ఊపిరితిత్తుల ఫొటోలో ఒక మూల తెల్లటి మచ్చ. క్షయ అయి ఉండొచ్చు, అది మెదడు పొరల దాకా పోయిందేమో అంటున్నారు. పరీక్షలు తేలేలోపు దానికి మందు మొదలుపెడతారట. క్షయ. సరే. క్షయకి మందుంది. క్షయ అయితే నాకూ దీనికీ సంబంధం లేదు.

ఇప్పుడు రాసిన వాక్యం మళ్లీ చదివాను. కొట్టేయను, ఉండనీ.

ఆగస్టు 18

దీన్ని రాయాలి. రాయకపోతే రేపటికి దీన్ని కూడా ఇంకోలా చెప్పుకుంటాను.

వార్డు డాక్టరు పొద్దున వచ్చి మమ్మల్ని కూర్చోబెట్టి అన్నీ అడిగాడు. నెమ్మదైన మనిషి. ఎప్పటినుంచి దగ్గు, ఏం మాత్రలు, ఏం పని చేస్తారు.

"ఈ మధ్య గాయాలేమైనా అయ్యాయా?"

"సూది దిగిందండీ వేల్లో" అన్నాడు బావ. "అదేం లేదు, మానిపోయింది. చీము కూడా పట్టలేదు. మా మరదలు దగ్గరుండి చూసుకుంది. తను ఆ చదువే చదివిందండీ, ఊపిరితిత్తులూ బూజూ తెల్లకణాలూ, పెద్ద ల్యాబులో."

గర్వంగా చెప్పాడు. అంత గొడవలో, రాత్రంతా నిద్ర లేని మొహంతో, నా గురించి గర్వంగా చెప్పాడు. డాక్టరు నా వైపు తిరిగాడు, తన చదువే చదివిన మనిషిని చూసినట్టు.

"గాయం మానిందాండీ?"

"ఆ" అన్నాను.

మానలేదు. నాకు తెలుసు. దాని మీద ఇనుప టోపీ ఉంది, నర్సు దాన్ని ఉంగరమో ఏదో అనుకుని తీయలేదు. ఒక్క మాట, "లేదు" అనే మాట, నోటిదాకా వచ్చి ఆగింది. లేదంటే ఎందుకు మానలేదని అడుగుతాడు. ఎందుకు చూపించలేదని అడుగుతాడు. బావ నా మొహం చూస్తాడు.

డాక్టరు "మంచిది" అని రాసుకుని వెళ్లిపోయాడు. క్షయ మందు ఎక్కుతోంది. అక్క నన్ను చూసి "అమ్మ వచ్చిందా?" అని అడిగింది. అమ్మ పోయి పాతికేళ్లయింది. నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని ఒక కాలితో మిషన్ తొక్కిన మనిషి, నన్ను గుర్తుపట్టలేదు.

సిగ్గు లేని దాన్ని. సిగ్గుపడటానికి కూడా పనికిరాని దాన్ని. అక్కడ కూర్చుని నేను ఆలోచించింది నా మొహం గురించి.

ఆగస్టు 19

చెప్పాను.

డాక్టరు గది బయట కాచుకుని కూర్చుని, తలుపు తెరవగానే లోపలికి దూరి చెప్పాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మానలేదండీ. నిన్న అబద్ధం చెప్పాను. వేలు మానలేదు, వాచలేదు, నొప్పి లేదు, చీము లేదు. నెల కావొస్తోంది. చూపిద్దామంటే నేనే వద్దన్నాను. ఇది మంచి గుర్తని చెప్పాను."

ఆయన కలం పక్కన పెట్టాడు.

"ఇంకా ఉంది. నా ఎలకల్లో కొన్నిటికి ఇలాగే అయింది. ఊపిరితిత్తుల్లో బూజు బాగా పట్టాక, ఆ బూజు తన పైపొర జిగురుని రక్తంలోకి వదిలిందేమో, తెల్లకణాలు నాళం దాటి బయటికి రాలేకపోయాయి. గాయం చేసినా రాలేదు. ఆ వీడియోలు నేను పక్కన పెట్టేశాను. నాకు వారం నుంచి తెలుసు. తెలుసంటే, చూశాను. చూసి మూత పెట్టాను."

"ఏ బూజు?" అని మాత్రం అడిగాడు.

చెప్పాను. అది ఎక్కువగా పావురాల రెట్టలో ఉంటుంది. ఆ మాట నా నోటినుంచి వస్తుండగానే మేడ మీద గది కళ్ల ముందుకొచ్చింది. ఐదేళ్లుగా ప్రతి వ్యాసం మొదటి పేరాలో నేను రాసే వాక్యం అది, పావురాల రెట్ట. రాసీ రాసీ అరిగిపోయి, అక్క తలంతా తెల్లగా చేసుకుని దిగిన రోజు కూడా నాకు తట్టలేదు. అప్పుడు కుర్చీలో కూర్చున్నాను.

ఆయన లేచి అక్క దగ్గరికి వెళ్లి ఆ టోపీ తీశాడు. వేలు నొక్కాడు. అక్క కదల్లేదు. "ఒంటి కాపలాని తగ్గించే ఆ కీళ్ల మాత్రలు కొంత, ఇది కొంత. కాపలావాళ్ల చేతులు రెండువైపులా కట్టేసినట్టయింది" అన్నాడు. వెన్నులోంచి నీరు తీశారు, రక్తం తీశారు. సాయంత్రానికి తేలింది. బూజే. క్షయ కాదు.

మందు మార్చారు. "మీరు చెప్పడం మంచిదైంది" అన్నాడు డాక్టరు నాతో. తర్వాత, "నిన్న చెప్పుంటే ఇంకా మంచిది. రెండు వారాల ముందు అయితే..." అని ఆపేశాడు. ఆయన కోప్పడితే బాగుండేది.

బావకి డాక్టరు ఏం చెప్పాడో తెలియదు. వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీ ఎలకలే కాపాడాయట కదే మీ అక్కని!" అన్నాడు. వార్డులో అందరికీ చెబుతున్నాడు. పక్క మంచం ముసలాయన నాకు దణ్ణం పెట్టాడు. ఎక్కడ తల పెట్టుకోవాలో తెలియలేదు. కాదని చెప్పలేదు. చేతులు కూడా వెనక్కి లాక్కోలేదు.

ఆగస్టు 22

చలిజ్వరం. ఆ మందు ఎక్కేటప్పుడు మంచం మొత్తం ఊగేంత వణుకు. బావా నేనూ చెరోపక్క పట్టుకున్నాం.

ఆగస్టు 25

అలాగే ఉంది.

ఆగస్టు 30

"ఏమే, తిన్నావా?" అంది నన్ను చూసి. నన్నే. పేరు పెట్టి మళ్లీ అడిగింది.

బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను.

సెప్టెంబర్ 1

అక్క కుడికన్ను మసక. తలలో ఒత్తిడి పెరిగి కంటినరం నలిగిందట. రావచ్చు, రాకపోవచ్చు. సూదిలో దారం ఎక్కించి బతికే మనిషికి. దారం ఎక్కించమని పిలిచినప్పుడు నేనేమన్నాను? ఏమన్నానో మళ్లీ రాయలేను.

నర్సు మందు మార్చడానికి వస్తే అక్క చెబుతోంది, "ఈ జబ్బు కనిపెట్టింది మా చెల్లెలే తెలుసా, డాక్టర్లకి కూడా తెలీలేదు." నర్సు నన్ను మెచ్చుకోలుగా చూసింది. నేను దుప్పటి సర్దాను.

సెప్టెంబర్ 2

ల్యాబుకి వెళ్లాను. "రంగు పట్టలేదు" మొత్తం మేడం ముందు పెట్టాను. రక్తం చుక్కలు, ఊపిరితిత్తుల ముక్కలు కూడా. రక్తం చూశాననడం ఆ రోజు అబద్ధమని చెప్పాను. జూన్‌లో మెచ్చుకున్న వీడియోల మీద రాసిన వ్యాసం చించేయమన్నాను.

మేడం ఒక్కో వీడియో చూసింది. ఖాళీ తెరలు. చూసి చూసి కళ్లజోడు తీసి, "గింజలు పారబోసి నాకు పొట్టు తెచ్చి చూపించావే!" అంది. ఆ తర్వాత తిట్లు. తిన్నాను. ఇన్నాళ్లలో కడుపు నిండా తిన్నది అదే.

కానీ తిట్టడం అయ్యాక ఆవిడ మొహంలో వెలుగు వచ్చింది. ఊపిరితిత్తుల్లో కూర్చున్న బూజు ఒళ్లంతటా కణాల కాళ్లు కట్టేయడం, ఇదే అసలు సంగతి, మొదటినుంచి మళ్లీ చెయ్యి, జాగ్రత్తగా చేస్తే పెద్ద వ్యాసమవుతుంది అంది. విన్న ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది. అక్క అక్కడ ఒక కన్నుతో పడుకుని ఉంటే, నాకు ఇక్కడ సంతోషం. వేసిందని రాసుకుంటున్నాను. ఇది ఎవరికీ చెప్పలేను.

సెప్టెంబర్ 4

వేలు వాచింది!

పొద్దున అక్క "అబ్బా, ఈ వేలేమిటే సలుపుతోంది" అంటే వెళ్లి చూశాను. ఎర్రగా, నున్నగా, వేడిగా. కన్నం దగ్గర పచ్చటి చుక్క. నర్సు "అయ్యో, ఇదొకటా పులి మీద పుట్ర" అని విసుక్కుంది. నేను ఆ వేలు పట్టుకుని నవ్వుతూ ఏడుస్తున్నాను. "నొప్పిగా ఉందా? బాగా ఉందా?" అని అడుగుతుంటే అక్క "పిచ్చెక్కిందా, వదలవే, ప్రాణం పోతోంది" అని నెత్తిన మొట్టింది. కణాలు దారి పట్టాయి.

బావ డ్యూటీకి వెళ్లాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది. మంచం పక్కన నేల మీద కూర్చుని అంతా చెప్పాను. వీడియోలు, మూత, డాక్టరుతో చెప్పిన అబద్ధం. "నేను కనిపెట్టలేదక్కా. నేనే ఆపాను. నా మాట నమ్మి ఆగినందుకు నీ కన్ను పోయింది."

అక్క నా వైపు తిరిగింది. ఊదిన వేలిని ఇంకో చేత్తో పట్టుకుని కూర్చుంది. తర్వాత మెల్లగా అంది.

"నీ మాట నమ్మి ఆగాననుకున్నావా? పిచ్చిదానా. తల పగిలిపోతుంటే నాకు తెలీదా, ఏదో అయిందని?"

"మరి?"

"మీ బావ రోజూ అడిగేవాడు, పదవే చూపిస్తానని. వెళితే ఏమంటాడు? చూశావా, మీ చెల్లెలికి ఏమీ తెలీదు అంటాడు. నువ్వు ఆ రోజు నేను చదువుకున్నానా నువ్వు చదువుకున్నావా అన్నావు కదా. అంత మాట అనేశాక నీ మాట పోకూడదు కదే, ఆయన ముందు. అందుకని నొప్పి లేదన్నాను. జ్వరం లేదన్నాను. కుడివైపు రెండేసి కనపడుతుంటే తల తిప్పుకుని కుట్టాను. నాలుగు రోజుల్లో అదే తగ్గుతుందిలే, నీ మాట నిలబడుతుందిలే అనుకున్నాను."

నేను మంచం అంచుకి తల ఆనించాను.

"మీ బావకి చెప్పకు. నా మీద ఒట్టు" అంది.

నేను అక్కని బలి ఇచ్చాననుకుంటున్నాను ఇన్నాళ్లూ. తనే వచ్చి బలిపీఠం మీద కూర్చుంది, నా పరువు కోసం. ఏం పరువే అది? ఎలకల డాక్టరమ్మ పరువు.

సెప్టెంబర్ 5

ఒట్టు తప్పాను.

బావ సాయంత్రం సంచీతో సహా ఆస్పత్రికి వచ్చాడు. మెట్ల దగ్గరే ఆపి చెప్పాను. నా అబద్ధం, వీడియోలు, అక్క దాచిన సంగతి, అన్నీ. తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. బావ సంచీ కింద పెట్టి మెట్టు మీద కూర్చున్నాడు. మొహం తుడుచుకున్నాడు. ఎంతకీ చెయ్యి మొహం మీద నుంచి తీయలేదు.

"నాకు నమ్మకం కుదరలేదమ్మా ఆ రోజే" అన్నాడు చివరికి. "చదువు రాకపోతే మాత్రం, పెళ్లాం ఒళ్లు కాలుతుంటే తెలీదా? ఎత్తుకుపోదామనుకున్నాను. కానీ నువ్వు వద్దన్నాక నేను తీసుకెళ్తే, నిన్ను లెక్కచెయ్యలేదని మీ అక్క మొహం చిన్నబోతుంది. నువ్వంటే దానికి అంత ప్రాణం. అందుకని ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి అనుకున్నాను."

అంటే ఎవరూ నమ్మలేదు. నా వాదం, నా ఊరు, నా దొంగ, ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు. ఇద్దరూ నమ్మినట్టు ఉన్నారు, నా కోసం.

"నాకు చెప్పావని మీ అక్కకి తెలీనివ్వకు" అన్నాడు బావ లేస్తూ. "అంత కష్టపడి దాచింది. వృథా అయిపోతుంది."

సంచీ భుజాన వేసుకుని ముందు నడిచాడు. వార్డులోకి అడుగు పెడుతూనే గొంతు మార్చి, పక్క మంచాల వాళ్లకి కూడా వినపడేలా అన్నాడు. "ఏమోయ్, వేలు వాచిందట కదా! ఇక మానుతుందట. మీ చెల్లెలు చెప్పింది ఒక్కటీ తప్పు కాలేదు చూశావా?"

అక్క మసక కన్ను మూసి, రెండో కంటితో నా వైపు చూసింది. బావకి ఏమీ తెలియదని ఆమెకి ఎంత నిశ్చింతగా ఉందో ఆ మొహంలో తెలుస్తోంది.

"మరి! ఎవరి చెల్లెలనుకున్నావు?" అంది.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. లోపలికి వెళ్లడానికి మొహం చెల్లలేదు.

"రావే, అలా నిలబడ్డావేం?" అని అక్క పక్కకి జరిగి, మంచం మీద చోటు చూపించింది. వెళ్లి కూర్చున్నాను.